గోడాదరాలో ఒక పదకోశం

సూరత్ అనగానే తెలుగు పాఠకునికి రెండు విషయాలు జ్ఞప్తికి వస్తాయి. ఒకటి, చరిత్ర వాచకంలో చదివిన ఈస్టిండియా కంపెనీ వర్తకస్థానం. రెండవది, పెండ్లిళ్ల రోజులలో బట్టల కొట్లలో వినవచ్చే సూరత్ చీర. ఆ చీరను నేసే చేతులలో తెలుగు చేతులు ఎన్నో ఉన్నవన్న సంగతి మనలో చాలమందికి తెలియదు. తెలిసినవారు కూడ చీర కట్టుకొన్న తరువాత మరచిపోతారు.

ఆ నగరానికి ఆగ్నేయదిశలో, లింబాయత్, డిండోలీ పేటలకు దాపున, గోడాదరా అనే పేట ఉన్నది. సందులు ఇరుకు, ఇండ్లు మేడమీద మేడ. ఒకే వీధిలో అరగంట నిలుచుంటే గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా, తెలుగు భాషలు వరుసగా చెవిని పడతాయి. ఆ తెలుగు సిరిసిల్ల, కరీంనగరం, వరంగల్లు, నల్లగొండల తెలుగు. చేతిమగ్గం కూడు పెట్టలేని రోజులు వచ్చినప్పుడు అక్కడి పద్మశాలీలు షోలాపురానికి, బొంబాయికి, భివండికి, సూరతుకు తరలిపోయినారు. మగ్గం తెలిసినవాడు మరమగ్గాన్ని వెదకుకొంటూ పోయినాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని ‘సాంచా’ అంటారు. గుజరాతీలో ‘సంచో’ అంటే యంత్రం. మనిషి నడచిన దారినే మాటలు కూడ వచ్చిపోతూ ఉంటాయి.

సూరత్ నగరపాలికను ఒక్క విషయంలో మెచ్చుకొనక తప్పదు. దాని ప్రాథమిక విద్యాసమితి గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో కూడ బడులు నడుపుతున్నది. పొట్ట చేతబట్టుకొని వచ్చిన పరాయి రాష్ట్రపు కూలివాని బిడ్డకు వాని భాషలోనే పలక అందించడం చిన్న విషయం కాదు. మన నగరాలలో ఎన్ని ఆ మాట చెప్పుకొనగలవు? కాని బడి గంట కొట్టిన తరువాత ఏమి జరుగుతుందో కూడ చూడవలె. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు పిల్లవానికి అండగా నిలుస్తుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టరాదంటూనే, బడివేళలు కాని సమయంలో ఇంటివారి పనికి సాయపడవచ్చునన్నది. గోడాదరాలో ఇంటిపని అంటే చీరలకు రాళ్లు అతికించడం, వ్రేలాడే దారాలు కత్తిరించడం. చీరకింత అని కూలి. దీపం వెలిగించినప్పటినుండి అన్నం తినేదాక తల్లి చుట్టూ కూర్చొని పిల్లలు చేసే పని అదే. పదునాలుగు నిండిన తరువాత చట్టమూ తప్పుకొంటుంది, బడీ తప్పుకొంటుంది. తరువాత కొన్నేండ్లకు సాంచాల షెడ్డులో పన్నెండు గంటల పాళీ.

నేను వృత్తిరీత్యా అనువాదకుణ్ణి. హిందీనుండి తెలుగుకూ, అప్పుడప్పుడు తెలుగునుండి హిందీకీ మాటలను మోసుకొనిపోయేవాణ్ణి. ఒక బంధువుల ఇంట శుభకార్యానికి సూరత్ పోయినప్పుడు, ఆ ఇంటి ప్రక్కనే ఉన్న ఒక ఉపాధ్యాయిని తమ డాబామీది గదికి రమ్మని పిలిచింది. పగలు బడిలో తెలుగు చెప్పి, సాయంకాలం తొమ్మిది పదిమంది పడుచువాండ్రను ఆమె ఆ గదిలో కూర్చుండబెట్టుకొనేది. పదునైదు మొదలు ఇరవై ఏండ్లవారు. మూడవ తరగతిలో మానినవారున్నారు, ఏడవ తరగతి దాటినా ఉత్తరం చదవలేనివారున్నారు. ఆ తరువాత రెండేండ్లలో నేను అయిదారు పర్యాయాలు అక్కడికి పోయినాను. పోయినప్పుడల్లా వారం పదిరోజులు ఉండేవాణ్ణి.

మొదటినాడే ఒక సంగతి గ్రహించినాను. నా వృత్తిని ఆ గదిలోని పిల్లలు నాకంటె చిన్న వయస్సులో ఆరంభించినారు. ఒక బాలిక తల్లిని ఆస్పత్రికి తీసుకొనిపోయిన వైనం చెప్పింది. తల్లి “కడుపుల మంట” అన్నది. డాక్టరుకు హిందీలో చెప్పవలె. ‘దర్ద్’ అంటే నొప్పి అవుతుంది, నొప్పికి వేరే మందిస్తారు. అందుచేత ‘జలన్’ అన్నదట. అక్కడి నర్సు దానిని గుజరాతీలో ‘బళతరా’ అని చీటీమీద వ్రాసిందట. మంట, జలన్, బళతరా: ఈ మూడింటి నడుమ ఆ బాలిక పడ్డ తర్జనభర్జన, పెద్ద కవుల పద్యాలు ముందు పెట్టుకొని నేను పడేదానికంటె తక్కువది కాదు. పైగా నా మాట తప్పితే సమీక్షకుడు కోపగిస్తాడు, ఆమె మాట తప్పితే తల్లికి మందు తప్పుతుంది. ఇంత పని నోటితో చేసే పిల్ల ఆ చీటీమీది నాలుగు అక్షరాలను చదవలేదు.

ఉపాధ్యాయిని వద్ద మంచి వాచకాలే ఉండేవి. కాని పదునెనిమిదేండ్ల యువకుడు, మీసం వచ్చినవాడు, అమ్మ, ఆవు, ఇల్లు అని బొమ్మలు చూస్తూ చదవడానికి సిగ్గుపడతాడు. ఆ సిగ్గు సహజమైనది. దానిని సోమరితనమని పేరుపెట్టే పెద్దలను చూస్తే నాకు విసుగు. పగలంతా యంత్రంతో పోరాడివచ్చినవానికి ఆవుబొమ్మ చూపించి అక్షరం నేర్చుకోమంటే, వాడు మనలను క్షమించి ఊరకుండడమే గొప్ప.

పదకోశం ఎవ్వరూ తలపెట్టి చేసినది కాదు. సాంచాలపై పనిచేసే ఒక పందొమ్మిదేండ్ల యువకుడు, నన్ను పరీక్షించదలచి కాబోలు, ఒక సాయంకాలం అడిగినాడు: “సారూ, మీరు ఒక భాష మాటకు ఇంకో భాష మాట పెడ్తరట గదా. మరి శటల్‌కు తెలుగేంది?” నేను “నాడె” అన్నాను. వాడు నవ్వి, “మా తాత అనేటోడు” అన్నాడు. గుమ్మం దగ్గర నిలుచున్న ఖాందేశపు మరాఠీ కుర్రవాడు, ఎవరూ అడుగకుండానే, “ధోటా” అన్నాడు. ఆ రాత్రి ఒక పాత లెక్కల నోటుపుస్తకంలో నాడె, శటల్, ధోటా అని వరుసగా వ్రాసి, ప్రక్కన ఎవరో నాడె బొమ్మ వేసినారు. రెండు కొనలూ మొనదేలి, నడుమ కండె పెట్టిన బొమ్మ. వ్రాయడం రానివారు కూడ ఆ బొమ్మను సరిదిద్దినారు: కండె అట్లా ఉండదు, దారం ఈ ప్రక్కనుంచి వస్తుంది అని. విషయం తెలిసినవారు వారు, తెలియనివాణ్ణి నేను. చదువు చెప్పే గదిలో ఈ తారుమారు మంచిది.

తరువాత నియమాలు ఏర్పడినవి. ప్రతి మాటా తెలుగు, నాగరి, గుజరాతీ మూడు లిపులలోనూ వ్రాయవలె. బొమ్మ వేయవలె. ఆ మాటతో ఒక వాక్యం వ్రాయవలె, ఆ వాక్యం నిజమైనదై ఉండవలె. ఈ చివరి నియమం ఉపాధ్యాయినిది. దానితోనే అసలు కష్టమూ, అసలు చదువూ మొదలైనవి. ‘నాడె’కు మొదట వచ్చిన వాక్యం, నాడె ఎగిరి మా చిన్నాయన నుదుటికి తగిలింది అని. అది వ్రాసిన పిల్లవాడు ‘నుదుటికి’ అనే మాటను నాలుగుసార్లు కొట్టివేసి వ్రాసినాడు. ఒక్కమారు కూడ విసుగుకొనలేదు, ఎందుకంటే ఆ మచ్చ వాడు రోజూ చూస్తున్నాడు. పడుగు, పేక, అచ్చు, కండె, భీము, పోగు, ముడి ఇట్లా మాటలు వచ్చినవి. హిందీలో తానా బానా, గుజరాతీలో తాణో వాణో. మన సాహిత్యవ్యాసాలలో ‘పడుగుపేకల వలె’ అన్న పోలిక నేను వేయిసార్లు చదివి ఉంటాను, కొన్నిసార్లు వ్రాసి కూడ ఉంటాను. ఏది నిలువు, ఏది అడ్డం, ఏది ముందు సిద్ధం కావలె అన్నది చేతితో చూపించినవారు మాత్రం ఆ గదిలోని పిల్లలే.

లిపుల విషయంలో వారి పరిశీలన నన్ను ఆశ్చర్యపరచింది. నాగరి అక్షరాలకు నెత్తిన అడ్డగీత ఉంటుంది, గుజరాతీకి లేదు. వీధిలో హిందీ బోర్డులు కొంత చదువగలిగినవానికి, ఆ గీత చెరిపివేస్తే చాల అక్షరాలు ముఖపరిచయం ఉన్నవే అవుతాయి. అ, జ, ఫ, బ వంటివి మాత్రం వేరుగా నేర్చుకొనవలె. ఈ సూత్రాన్ని నేను పండితభాషలో చెప్పబోతుండగా ఒక అమ్మాయి అడ్డం వచ్చి, హిందీ అక్షరాలు దండెంమీద ఆరేసిన బట్టలు, గుజరాతీవి దండెం తెగితే పడ్డ బట్టలు, తెలుగువి ముడిచి గంపలో వేసిన బట్టలు అన్నది. దీనికి మించిన లిపిశాస్త్రం నాకు చేతకాదు.

సూరతులో నిఘంటువు అనగానే నర్మదుని తలచుకొనవలె. నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే 1833లో ఈ నగరంలోనే పుట్టినాడు. 1858లో ఉపాధ్యాయవృత్తి వదలి, ఇక కలంమీదనే బ్రతుకుతానని పూనుకొన్నాడు. ఆ పూనికకు తగినట్లే దారిద్ర్యమూ అనుభవించినాడు. ఇరవై అయిదువేల పైచిలుకు మాటలతో ఆయన ఒంటిచేత కూర్చిన నర్మకోశం 1873లో సంపూర్ణంగా వెలువడినది. గుజరాతీని గుజరాతీలోనే వివరించిన నిఘంటువులలో అది ఆదిమం. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు అడిగిన ప్రశ్న ఒక్కటే: “అంతా ఒక్కడేనా?” నూటపాతిక మాటలకే వారి వ్రేళ్లు నొప్పిపుట్టినవి గనుక ఆ ఆశ్చర్యంలో పనివాని గౌరవం ఉన్నది.

నర్మదునికంటె ముందటి తరంవాడు, సూరత్ నివాసి, దుర్గారామ్ మెహతాజీ. 1844లో మానవధర్మసభను నెలకొల్పి, మూఢాచారాలపై బహిరంగ చర్చలు జరిపిన బడిపంతులు. గుజరాతీలో ‘మెహతాజీ’ అంటే పంతులు; గుమాస్తా అన్న అర్థం కూడ ఉన్నది. గోడాదరా యువకులకు తెలిసిన మెహతాజీ రెండవవాడు, అంటే షెడ్డులో నేసిన మీటర్లు పుస్తకానికి ఎక్కించే గుమాస్తా. నేసిన మీటర్లనుబట్టి కూలి. ఆ లెక్క గుజరాతీ అంకెలలో ఉంటుంది. మునుపు శటల్‌కు తెలుగు అడిగిన యువకుడు ‘మీటరు’ అనే మాటకు వాక్యం వ్రాయవలసివచ్చినప్పుడు, తన చీటీని గదికి తెచ్చి అందరి ముందు పరచినాడు. గుజరాతీ అంకెలు ఆ వారమే నేర్చుకొన్నారు. వాడు ప్రతి పాళీకి తన మీటర్లు తానే ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకొనడం మొదలుపెట్టినాడు. రెండు నెలల తరువాత, రెండు పుస్తకాలకూ తేడా వచ్చిన ఒకనాడు, తన పుస్తకం తీసి బల్లమీద పెట్టినాడట. గొడవ ఏమీ జరుగలేదు. గుమాస్తా ఆ పుస్తకాన్ని కొంతసేపు త్రిప్పి చూచి, అంకె దిద్దినాడు. ఆనాటినుండి వాని చీటీలో అంకెలు స్పష్టంగా ఉంటున్నవట. ‘మీటరు’ ఎదుట వాడు వ్రాసిన వాక్యం చాల చిన్నది: నా మీటర్లు నేను వ్రాసుకొంటాను.

ఈ విషయాలు మాట్లాడేటప్పుడు గిజుభాయి బధేకాను స్మరించడం పరిపాటి, ఉచితం కూడ. 1885లో పుట్టి, వకీలుగా ఉండి, ఆ వృత్తి విడిచి 1920లో భావనగరంలో బాలమందిరం స్థాపించిన మహనీయుడు. ఆయనను జనం మీసాల తల్లి అని పిలిచేవారు. ఆయన ‘దివాస్వప్నం’లో ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకం ప్రక్కనబెట్టి కథలతో తరగతిని ఆరంభిస్తాడు. చదివినవారందరూ ఆనందబాష్పాలు రాల్చి, మరునాడు పాఠ్యపుస్తకమే తెరుస్తారు. హిందీలో భోపాలునుండి ఏకలవ్య సంస్థ 1985 మొదలు వెలువరిస్తున్న ‘చక్‌మక్’ పత్రికలో ‘మేరా పన్నా’ అని పిల్లల వ్రాతలకొక శీర్షిక ఉన్నది. దానిని చాల ఏండ్లుగా చదువుతున్నాను. పిల్లవాడు తన సంగతి వ్రాసినప్పుడు వాక్యం ఎంత బిగువుగా వస్తుందో అందులో చూడవచ్చు. కాని అక్కడ వ్రాసేవారికి వ్రాయడం కొంత వచ్చును. మా గదిలోనివారు వ్రాస్తూ వ్రాయడం నేర్చుకొన్నారు, చదవడం దాని వెనుక నడచి వచ్చింది.

ఒకరు కూర్చి ఇచ్చిన వాచకం పనికిరాదని నేననడం లేదు. నెల్లూరు జిల్లా సంగతి మనకు తెలియనిదా? 1990 దశకం మొదట్లో అక్కడ సాగిన అక్షరాస్యతా ఉద్యమపు వాచకాలలో, సారావల్ల కుటుంబం నాశనమైన సీతమ్మ అనే స్త్రీ కథ ఒకటి ఉండేది. దూబగుంట స్త్రీలు ఆ వెలుగులో తమ ఊరిని చూచుకొన్నారు. 1992లో సారా అమ్మకాన్ని అడ్డగించినారు. అక్కడ రాజుకొన్న నిప్పు రాష్ట్రమంతటా వ్యాపించి 1993లో సారానిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలింపబడినది, అది వేరే కథ. ఆ పాఠం వ్రాసినవారు ఇతరులే అయినా, చదివిన స్త్రీలు అది తమ పక్కింటి కథ అనుకొన్నారు. సూరతులో సాంచాలమీద బ్రతికే తెలుగు పిల్లవానికి అట్టి పాఠం ఏ వాచకంలోనూ నాకు కనబడలేదు. అందువల్ల వారే వ్రాసికొనవలసివచ్చింది.

ఒక తల్లి నన్ను నిలదీసి అడిగింది: “తెలుగు నేర్సి ఏం జేస్తడు సారూ? ఊరికి పోయి ఉంటమా? గుజరాతీ నేర్పుండ్రి, గింత ఇంగ్లీషు నేర్పుండ్రి. గదే అన్నం బెడ్తది.” ఆమె ప్రశ్నలో న్యాయం ఉన్నది. భాషాభిమానం మీద ఉపన్యాసం చెప్పి ఆమెను ఓడించడం నాకు సమ్మతం కాదు. ఉద్యోగమూ, కచేరీ, చీటీ అన్నీ గుజరాతీలోనే ఉన్నవి. 2023లో గుజరాత్ శాసనసభ ఒకటినుండి ఎనిమిదవ తరగతి వరకు అన్ని బడులలోనూ గుజరాతీ నేర్పడం తప్పనిసరి చేసింది. ఆ రాష్ట్రంలో బ్రతకదలచినవానికి అది మేలే. ఊరికి ఉత్తరం వ్రాయడానికి తెలుగు కావాలందామా అంటే, ఉత్తరాలు వ్రాసే కాలం పోయింది. సెల్‌ఫోన్‌లో అవ్వతో నేరుగా మాట్లాడుకొంటున్నారు. అందుచేత నేను ఆమెకు ఏ సిద్ధాంతమూ చెప్పలేదు. ఆమె కుమార్తె నోటుపుస్తకంలోని ఒక పుట చదివి వినిపించినాను.

అది ‘ఆసు’ అనే మాట. పదకోశంలో ఎవరో పెద్దవారి నోట విని చేర్చినారే గాని, గదిలో ఎవరూ ఆసును చూచి ఉండలేదు. మరమగ్గంతో దానికి పనిలేదు. ఈ అమ్మాయి నల్లగొండ జిల్లాలోని తన అమ్మమ్మకు ఫోను చేసి అడిగింది. అమ్మమ్మ ముప్పావుగంట చెప్పింది. పోచంపల్లి తీరున అద్దకం వేసే చీరకు, అర్ధచంద్రాకారంగా నాటిన మేకుల చుట్టూ దారాన్ని ముందుకూ వెనుకకూ త్రిప్పుతూ ఆసుపోయవలె. ఒక్క చీరకు వేలసార్లు చేయి ఊపవలె. ఆసు పోసి పోసి అమ్మమ్మకు కుడిభుజం పైకి లేవడం మానింది. ఆ నొప్పి చూడలేక, ఆలేరు ప్రాంతంలో, బడి మధ్యలో మానిన చింతకింది మల్లేశం అనే నేతబిడ్డ తన తల్లి లక్ష్మి పేరిట 1999లో ఆసుయంత్రం నిర్మించినాడనీ, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందనీ నేను తరువాత వారికి చెప్పినాను. అమ్మాయికి ఆ కథ నచ్చింది గాని, తన పుటలో దానిని చేర్చుకొనలేదు. అది అమ్మమ్మ పుట అన్నది. పదకోశంలోని మాటలన్నిటికీ ఒక్కొక్క వాక్యం ఉంటే, ఆసుకు పుటన్నర ఉన్నది. తప్పులతో కూడిన తెలుగు. ‘భుజం’లో ‘భ’కు ఒత్తు లేదు. తల్లి వింటూ వింటూ రాళ్లు అతికే చేతిని ఆపింది. ఆ పని చేసేవారు చేయి ఆపడం అరుదు. చివరకు “మా అమ్మ నాకు గీ ముచ్చట ఎన్నడు జెప్పలే” అన్నది. తెలుగు ఎందుకన్న ప్రశ్న మళ్లీ వేయలేదు. ఒప్పుకొన్నదని కాదు, గుజరాతీ మాత్రం మానవద్దని కూతురికి నా ముందే చెప్పింది.

అంతా సవ్యంగా సాగిందని వ్రాస్తే అది కట్టుకథ అవుతుంది. పాళీ రాత్రికి మారిన ఇద్దరు యువకులు రావడం మానినారు. వారు వ్రాసిన మాటలు ఉన్నవి, వారు లేరు. ఒక అమ్మాయికి పెండ్లి చేసి భివండి పంపినారు. ఒక వర్షాకాలంలో డాబా కారి మొదటి నోటుపుస్తకం తడిసిపోయింది. తిరిగి ప్రతి వ్రాయవలసివచ్చింది. ఈ ప్రతి వ్రాయడంలోనే కొందరికి చదవడం పూర్తిగా పట్టుబడింది. తమ చేతివ్రాతే తమకు చదవరానిది కావడంతో, ఒకరి మాట ఒకరు చదివి చెప్పుకొన్నారు. ఎవరి అక్షరం ఎవరిదో అప్పటికి అందరికీ తెలుసు.

నేను చివరిసారి పోయినప్పుడు పదకోశంలో మూడువందల పైన మాటలున్నవి. సాంచాల మాటలు అయిపోయి, వంటింటి మాటలు, వీధి మాటలు చేరుతున్నవి. ఆ వారమంతా వివాదం ‘ఊరు’ అనే మాట మీద. హిందీలో గావ్, గుజరాతీలో గామ్. అంతవరకు ఇబ్బంది లేదు. పనివాండ్రు ‘వతన్’ అని కూడ అంటారు గదా, అది చేర్చవలెనా అని కొంత చర్చ జరిగి, చేర్చినారు. నిజమైన వాక్యం వ్రాయవలసివచ్చేసరికి, గోడాదరాలోనే పుట్టి సిరిసిల్లను రెండేసార్లు చూచిన ఒక పదునారేండ్ల పిల్లవాడు, మా ఊరు గోడాదరా అని వ్రాసినాడు. వాని అన్న దానిని కొట్టివేసి, మా ఊరు సిరిసిల్ల అని వ్రాసినాడు. పిల్లవాడు తన వాక్యాన్ని క్రింద మళ్లీ వ్రాసినాడు. ఇద్దరూ ఉపాధ్యాయిని వంక చూచినారు, ఆమె నా వంక చూచింది. అనువాదకుడు తీర్పరి కాడని చెప్పి నేను తప్పుకొన్నాను. రెండు వాక్యాలూ ఉంచి, కొట్టివేతను మాత్రం తెల్లకాగితం ముక్కతో అతికి, ఆ పిల్లలు తరువాతి మాటకు పోయినారు. తరువాతి మాట ‘ఎండ’. దానికి గుజరాతీ నాకు తెలియకపోగా, గుమ్మం దగ్గర నిలుచున్న కిరాణా కొట్టు కుర్రవాడు “తడకో” అని అందించినాడు.